నమ్మకమే మాంసం కొట్టుకు అసలు బోర్డు

'గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు' అని తెలుగులో ఒక సామెత ఉంది. అమాయకంగా మోసపోయేవారిని చూసి అనే మాట ఇది. ఈ మాట నోటికి అలవాటై చివరకు ఒక వృత్తి పేరే తిట్టుగా మారిపోయింది. కాని ఆలోచించి చూస్తే, మాంసం కొట్టు దగ్గర నమ్మేది గొర్రె కాదు, కొనుక్కునే మనిషి. కోసిన జీవం ఆరోగ్యమైనదా, జబహ్ సరిగా జరిగిందా, తూకం సరిపోయిందా, నిన్న మిగిలినది ఇవాళ్టి దానిలో కలిసిందా - ఇవేవీ కొనేవాడి కంటికి కనిపించవు. కొట్టు యజమాని మాట మీద భారం వేసి, డబ్బిచ్చి, పొట్లం తీసుకుని ఇంటికి వెళతాడు. ఆ నమ్మకం ఒక అమానత్. దాన్ని కాపాడుకున్న కొట్టుకు గిరాకీ దానంతటదే వస్తుంది. పోగొట్టుకున్న కొట్టును ఎంత పెద్ద బోర్డూ నిలబెట్టలేదు.

ఇస్లాం ఈ వృత్తిని ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ హదీసు గ్రంథంలోని వర్తక ప్రకరణంలో మాంసం అమ్మేవారి కోసం, జంతువుల్ని కోసేవారి కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. అందులో హజ్రత్ అబూ షుఐబ్ (రజి) అనే అన్సారీ సహాబీ ప్రస్తావన వస్తుంది. ఆయన దగ్గర మాంసం కొట్టే పనివాడొకడు ఉండేవాడు. దైవప్రవక్త (స) ముఖంలో ఆకలి ఛాయలు గమనించిన ఆయన, అయిదుగురికి సరిపడా భోజనం సిద్ధం చేయమని ఆ పనివాడికే చెప్పి, ప్రవక్త (స) వారిని ఆహ్వానించారు. ఒక కసాయి చేతి వంట సాక్షాత్తు దైవప్రవక్త (స) ముందుకు వెళ్ళిన సంగతిని ముహద్దిసులు భద్రపరిచారంటే, ఆ వృత్తి గౌరవం ఏమిటో మనం అర్థం చేసుకోవాలి.

చిన్న కొట్టు కష్టాలు

తోటపల్లి గూడూరు వంటి మండల కేంద్రాన్నే తీసుకుందాం. ఒక పక్క నెల్లూరు పట్నం, మరో పక్క కోడూరు సముద్రతీరం, నడుమ వరిచేలు, రొయ్యల గుంటలు. ఈ ప్రాంతంలో చేపకు, రొయ్యకు కొదవ లేదు. బ్రాయిలర్ కోడి సందుసందునా దొరుకుతోంది, ధర కూడా వేటమాంసంతో పోలిస్తే చాలా తక్కువ. ఇక పెళ్ళికో, దావత్‌కో ఎక్కువ మాంసం కావలసినవారు బస్సెక్కి నెల్లూరు వెళ్ళి వస్తారు. కార్తీకమాసం వస్తే హిందూ సోదరుల్లో చాలామంది మాంసం మానేస్తారు. బక్రీద్ రోజుల్లో మన ఇళ్ళలోనే ఖుర్బానీ మాంసం ఉంటుంది కనుక కొట్టు వైపు చూసేవారుండరు. ఇలాంటి చోట చిన్న కొట్టు పెట్టుకున్నవారి బేరమంతా ఆదివారం ఉదయం మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ బేరంలోని లెక్క కూడా తెలుసుకోవాలి. గొర్రె ప్రాణంతో ఉన్నప్పటి బరువులో దాదాపు సగమే మాంసంగా దిగుతుంది. 20 కిలోల పొట్టేలును కొంటే సుమారు 10 కిలోలు చేతికి వస్తుంది. అందులో 2 కిలోలు అమ్ముడుపోకుండా మిగిలితే అయిదో వంతు పోయినట్టే. ఆ రోజు లాభం అక్కడే హరించుకుపోతుంది. తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం అమ్మగా వచ్చే నాలుగు డబ్బులే అలాంటి రోజున ఆదుకోవాలి. అంటే వారం వారం తప్పకుండా వచ్చే మరో నాలుగైదు కుటుంబాలు కుదిరితే చాలు, ఒక ఇల్లు గడుస్తుంది, పిల్లలు బడికి వెళతారు. కుదరకపోతే తాతలనాటి కొట్టు మూతపడుతుంది. కొత్త గిరాకీ మాట వీరికి అంత ముఖ్యమైనది.

ఆ గిరాకీని రప్పించేది ఎలా? చాలామంది మొదట చేసే పని పక్క కొట్టు కంటే ధర తగ్గించడం. పక్కవాడు మరో పది తగ్గిస్తాడు. ఇద్దరికీ గిట్టదు. అప్పుడు ఎముక ఎక్కువ పడుతుంది, కొవ్వు కలుస్తుంది, తూకం తగ్గుతుంది. పోటీ మొదలైంది ధరతోనే అయినా అది ముగిసేది ఈమాన్ దగ్గర. ఈ దారి మంచిది కాదు.

కాటా కొనేవాడి వైపు తిప్పండి

దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాకు పేరే 'అల్ ముతఫ్ఫిఫీన్', అంటే తూకాల్లో కోత పెట్టేవారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని ఆ సూరా ప్రారంభంలోనే అల్లాహ్ హెచ్చరించాడు. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తమ మద్‌యన్ జాతికి తౌహీద్‌తో పాటు బోధించింది కూడా కొలతల్లో, తూనికల్లో న్యాయమే. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో తూచే వ్యక్తితో, తూచేటప్పుడు కాస్త మొగ్గు ఉండేలా తూచమని చెప్పినట్టు హజ్రత్ సువైద్ బిన్ ఖైస్ (రజి) ఉల్లేఖించారు. అరకిలో అడిగినవారికి ఒక చిన్న ముక్క అదనంగా వేసే అలవాటు వెనుక ఇంత గొప్ప సున్నత్ ఉంది. ఆ ముక్క వల్ల కొట్టుకు జరిగే నష్టం ఎంత? ఇంటికి వెళ్ళి మళ్ళీ తూచి చూసుకున్న ఇల్లాలు పదిమందితో చెప్పే మంచిమాట విలువ ఎంత?

కనుక కాటా అంకెలు కొనేవాడికి కనిపించేలా తిప్పి పెట్టాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ ముద్ర ధ్రువపత్రం కొట్టులో అందరికీ కనిపించేలా పెట్టాలి. మాంసం ధర, తలకాయ ధర, కార్జం ధర పలకమీద రాసి ఉంచాలి. మొహం చూసి ధర చెప్పే కొట్టుకు కొత్తవారు రెండోసారి రారు. ఇక మాటిమాటికీ 'అల్లా కసమ్' అని ఒట్లు వేసి అమ్మే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి. ఒట్టు సరుకును చెల్లించవచ్చు కాని బర్కత్‌ను తుడిచిపెడుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు.

హలాల్ అంటే బోర్డు ఒక్కటే కాదు

'మాది హలాల్ కొట్టు, ముస్లింలు ఇంకెక్కడికి పోతారు?' అనే ధీమా కొందరిలో ఉంటుంది. హలాల్ అనే మాట కత్తి దగ్గర మొదలై కత్తి దగ్గరే ముగిసేది కాదు. ముసలి గొర్రెను కోసి లేత పొట్టేలని చెబితే, జబహ్ సక్రమంగా జరిగినా ఆ సంపాదనలో మోసం చేరినట్టే. దైవప్రవక్త (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినది అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) మందలించి, మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని స్పష్టం చేశారు. నిన్నటి మాంసాన్ని ఇవాళ్టి మాంసం కింద దాచేవారికి ఈ హదీసు సూటిగా వర్తిస్తుంది.

జంతువు పట్ల కరుణ కూడా హలాల్‌లో భాగమే. కత్తిని బాగా పదును పెట్టి, జంతువుకు బాధ తగ్గించాలని సహీహ్ ముస్లింలోని హదీసు ఆదేశిస్తోంది. జంతువు కళ్ళెదుట కత్తి నూరుతున్న మనిషిని, దాన్ని రెండుసార్లు చంపదలచావా అన్న భావంతో ప్రవక్త (స) మందలించారు. చూలుతో ఉన్న జీవాన్ని, మూడు నెలలలోపు పిల్లలున్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను కోయరాదని మన దేశంలో 2001 నాటి నిబంధనలు కూడా చెబుతున్నాయి. ధర్మమూ చట్టమూ ఇక్కడ ఒకే దారిలో నడుస్తున్నాయి. ఈ నియమాలు పాటించే కొట్టు ఆ సంగతి పలకమీద రాసుకోవడంలో తప్పేమీ లేదు.

మన జిల్లావారు గర్వంగా చెప్పుకోదగ్గది మరొకటి ఉంది. దేశంలోని గొర్రె జాతులన్నిటిలోకి ఎత్తయినది నెల్లూరు గొర్రె. తెల్లని ఒంటితో, కళ్ళ చుట్టూ, మూతి మీద నల్లమచ్చలుండే రకాన్ని జుడిపి అంటారు. ఉన్ని కోసం కాక మాంసం కోసమే పేరుపొందిన జాతి ఇది. 'ఈ ఆదివారం నెల్లూరు జుడిపి పొట్టేలు' అని పలకమీద రాసి, కోసే ముందురోజు జీవాన్ని కొట్టు ముందు కట్టేస్తే అంతకు మించిన ప్రకటన ఏం కావాలి? పట్నంలో దుకాణాలకు వెళ్ళేవారికి తాము తినేది ఏ ఊరి మందలోనిదో తెలియదు. పల్లె కొట్టు యజమానికి కాపరి పేరుతో సహా తెలుసు. పెద్ద దుకాణాలకు లేని బలం ఇదే. కాని రాసిన మాట నిజమై ఉండాలి.

ఈగ వాలని కొట్టు

శుభ్రత విశ్వాసంలో సగభాగమని ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ మాటను మసీదు వుజూఖానా దగ్గర వదిలేసి కొట్టుకు వెళ్ళకూడదు. కొక్కేనికి వేలాడే మాంసానికి సన్నని వల కప్పడం, మొద్దును ప్రతిరోజూ ఉప్పుతో రుద్ది వేడినీళ్ళతో కడగడం, గోడలకు సున్నం వేయించడం పెద్ద ఖర్చులు కావు. రోడ్డు పక్కన, బడిపిల్లలు నడిచే చోట కోయకుండా చాటున కోయాలి. నెత్తురు నీళ్ళను కాలువలోకి వదలకుండా చూడాలి. మాంసం తినని ఇరుగుపొరుగు మనసు నొప్పించకుండా ఉండటం కూడా పొరుగువారి హక్కుల్లోకే వస్తుంది.

మాంసం బయట ఉంచితే రెండు గంటలకు మించి మంచిది కాదని, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. మే నెలలో మన తీరంలో తెల్లారేసరికే ఉక్కపోత మొదలవుతుంది. కాబట్టి మంచు వేసిన పెట్టె అయినా, చిన్న ఫ్రిజ్ అయినా కొట్టుకు అవసరం. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద పేరు నమోదు చేయించుకుంటే అధికారుల భయం ఉండదు, కొనేవారికీ ధైర్యం కలుగుతుంది.

గిరాకీ పెరగడానికి మరో మంచి మార్గం ముందుగా అడిగి కోయడం. శుక్రవారం, శనివారం ఫోనులోనే ఎవరికి ఎంత కావాలో రాసుకుంటే ఆదివారం మాంసం మిగలదు. కూలి పనికి వెళ్ళే ఇంటికి పావుకిలో ఇచ్చినా విసుక్కోకూడదు. వరుసలో నిలబడలేని ఆడవారికి, వృద్ధులకు పొట్లం ఇంటికి పంపాలి. బిర్యానీకి ఒకలా, పులుసుకు ఒకలా, కైమాకు ఒకలా అడిగి కొట్టివ్వాలి. నవ్వుతూ మాట్లాడటం కూడా సదఖాయే కదా.

కొనేవారి బాధ్యత

ఇంతవరకూ కొట్టు యజమాని బాధ్యత. మరి మనది? అరువు పెట్టి నెలల తరబడి ఆ దారిన నడవకుండా తప్పించుకునేవారు మనలో లేరా? ఊళ్ళో అరువు పెట్టి, నగదు మాత్రం పట్నం దుకాణానికి ఇచ్చేవారిని ఏమనాలి? ఖుర్బానీ మాంసం నుంచి కోసినవారికి కూలిగా ఏమీ ఇవ్వవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని ఆదేశించారు. కూలి మన జేబులోంచి విడిగా ఇవ్వాలి. తోలో, తలకాయో ఇచ్చి బక్రీద్ కూలి సరిపెట్టడం ధర్మసమ్మతం కాదు.

మరో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. వీరి చేతి మాంసం తింటాం కాని వీరి ఇంటి సంబంధం అనగానే మొహం తిప్పుకునేవారు ముస్లింలలోనూ ఉన్నారు. తఖ్వా తప్ప మరో ఆధిక్యం లేదని చెప్పే ధర్మంలో ఈ వివక్షకు చోటెక్కడిది? వెనుకబాటుతనాన్ని గుర్తించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో చేసిన చట్టంలో ఖురేషీ, ఖసాబ్, ముస్లిం కటిక పేర్లను బి.సి.-ఇ జాబితాలో చేర్చింది. ప్రభుత్వం గుర్తించిన కష్టాన్ని మన జమాఅత్ గుర్తించకపోతే ఎలా?

మసీదు కమిటీలు పూనుకుంటే పెద్ద పని ఏమీ కాదు. ఊళ్ళోని నలుగురు స్తోమత గలవారు కలిసి ఖర్జె హసనాగా కొంత పైకం ఇస్తే ఒక ఫ్రిజ్, ఒక మంచి కాటా వస్తాయి. వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదు. ప్రతినెలా కొంత కొంత తీర్చుకుంటారు. ఆ పైకమే మరో చిన్న వ్యాపారికి ఉపయోగపడుతుంది.

తోటపల్లి గూడూరులోనైనా, మరే పల్లెలోనైనా ఈ కొట్లకు వచ్చేవారిలో హిందూ సోదరులే ఎక్కువ. తరతరాలుగా 'సాయిబు కత్తి, సాయిబు తూకం' అని నమ్మి వస్తున్నవారు వారు. ఇస్లాం గురించి వారు పుస్తకాల్లో చదివేదాని కంటే ఈ కొట్టు దగ్గర చూసేదే ఎక్కువ. సరైన తూకం, శుభ్రమైన చేతులు, మంచి మాట అక్కడ కనిపిస్తే మన ధర్మం గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఆ సామెతను మార్చగలిగేవారు కూడా ఈ కొట్టు యజమానులే.

అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావలసిన బాకీ అడిగేటప్పుడు మృదువుగా మసలుకునే మనిషి మీద అల్లాహ్ కరుణ కోసం ప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆకు అర్హులైన వర్తకులుగా, ఆ వర్తకులకు అండగా నిలిచే ఇరుగుపొరుగుగా అల్లాహ్ మనందరినీ తీర్చిదిద్దుగాక! మన సంపాదనలో, మన భోజనంలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.