గుర్రం ఎక్కే ముందు

పోయిన సంచికలో పిల్లల సెలవుల గురించి రాశాక, అన్నానగర్ నుంచి ఒక సభ్యురాలు ఫోను చేశారు. "అన్నయ్యగారూ, మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటానని భీష్మించుకు కూర్చుంది. వాళ్ళ నాన్నగారు సరేనంటున్నారు. ఆడపిల్ల, కాలో చెయ్యో విరిగితే ఎలాగని మా అత్తగారు వద్దంటున్నారు. మీరేమంటారు?" అని. ఇదే ప్రశ్న ఇంకొన్ని ఇళ్ళలోనూ ఉండి ఉంటుందని జవాబు ఈ శీర్షికలోనే రాస్తున్నాను. నేను గుర్రాల పండితుణ్ణి కాను, బ్యాంకు ఉద్యోగిని. అయితే మా బావమరిది కూతురు, పదకొండేళ్ళది, ఏడాదిగా స్వారీ నేర్చుకుంటోంది. ఆదివారాలు దాన్ని తీసుకెళ్ళే డ్యూటీ నాది. కంచె పక్కన నిలబడి చూసినవీ, అక్కడి మాస్టారిని అడిగి తెలుసుకున్నవీ చెబుతాను.

మన చెన్నపట్నానికి గుర్రం కొత్త కాదు. గిండీలో 1777 నుంచే పందేలు జరిగాయి. ఆ మైదానం లీజును తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో రద్దు చేసి స్థలం స్వాధీనం చేసుకున్న వార్త మీరు చదివే ఉంటారు. అయితే పందెం వేరు, స్వారీ వేరు. మెరీనాలో ఇసుక మీద నాలుగడుగులు తిప్పి తెచ్చే గుర్రం కూడా స్వారీ కిందకి రాదు. అక్కడ పగ్గం పట్టుకున్నవాడు నడిపిస్తాడు, మనం మూటలా కూర్చుంటాం. నేర్చుకోవడమంటే గుర్రంతో మన మాట మనమే చెప్పుకోగలగడం.

ఐలండ్ గ్రౌండ్స్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు పిల్లలకి మన్రో దొర విగ్రహం చూపించండి. రాయలసీమలో కలెక్టరుగా పనిచేసి, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన ఆ దొరను సీమవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 1839లో నిలిపిన ఆ విగ్రహంలో గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు. "ఏం లేదో చెప్పుకోండి చూద్దాం" అని అడగండి. రికాబు పాదానికి ఆనిక ఇస్తుంది, ఒంటి బరువును సర్దుతుంది. అది లేకుండా నిలబడాలంటే తొడల్లో బలం, నడుములో నిలకడ ఉండాలి. నేర్పేవాళ్ళు కొన్నాళ్ళయ్యాక రికాబులు తీసేసి కూర్చోబెట్టేది అందుకే.

మొదటి పాఠం గుర్రం మీద కాదు, నేల మీద. గుర్రానికి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ చాలావరకు కనిపిస్తుంది, కానీ సరిగ్గా తోక వెనకాల ఉన్నది కనిపించదు. అంచేత వెనకనుంచి వెళితే బెదిరి తన్నుతుంది. ఎడమ భుజం వైపునుంచి, మెల్లిగా పలకరిస్తూ వెళ్ళాలి. చెవులు ముందుకి నిక్కితే మన మీద ధ్యాస ఉన్నట్టు, వెనక్కి అంటుకుపోతే కోపం వచ్చినట్టు. తినడానికి ఏదైనా పెడితే అరచెయ్యి చాచి పెట్టాలి, వేళ్ళతో పట్టుకుని కాదు. మన వంటింటి ఉలవలకి ఇంగ్లీషులో పేరే హార్స్ గ్రామ్. మనం ఉలవచారు కాచుకునే గింజే దాని దాణా అని తెలిశాక మా పిల్లకి గుర్రం చుట్టమైపోయింది!

తర్వాత ఎక్కడం. మాస్టారు మధ్యలో నిలబడి పొడుగాటి తాడు పట్టుకుంటే గుర్రం ఆయన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. పగ్గాల సంగతి ఆయన చూసుకుంటాడు, పిల్ల కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటుంది. చెవి, భుజం, నడుము, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. మడమ కిందికి దిగాలి. అమరకోశం గుర్రపు నడకలు ఐదని లెక్కపెట్టింది. ఇక్కడ నేర్పేవి నాలుగు: నడక, ట్రాట్, కాంటర్, గాలప్. ట్రాట్‌లో గుర్రం రెండు తాళాల్లో ఎగరేస్తుంది. ఆ తాళానికి లేచి కూర్చోవడం కుదిరేదాకా నడుం విరిగినంత పనవుతుంది. కళ్ళెం గుర్రం నోట్లో ఉంటుందని మరిచిపోకూడదు. పగ్గం గుంజితే బాధ దానికి.

ఇక పడడం సంగతి. దాచడం దేనికి, పడతారు. నాలుగో నెలలో మా పిల్ల కూడా పడింది. గుర్రం దేనికో బెదిరి పక్కకి జరిగింది, ఇది ఇసుకలోకి జారింది. మోచెయ్యి కొట్టుకుపోయింది. టోపీ సరిగ్గా బిగించి ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. వాళ్ళమ్మ "ఇక చాలు" అంది. ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు. మూడో వారం పిల్ల తనంతట తనే బూట్లు తుడుచుకుని గుమ్మంలో కూర్చుంది. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, మంచినీళ్ళ సీసా నింపి ఇచ్చింది. స్కూల్లో టీచరు పేరు పిలిస్తే తల వంచుకునే పిల్ల అది. ఇప్పుడు నాలుగైదు వందల కిలోల జంతువుని "ఆగు" అని ఆపుతోంది. మార్కుల కాగితంలో కనిపించని లాభం ఇది.

ఆడపిల్లకి ఎందుకనే పెద్దలకి ఒక మాట. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి డ్రెసాజ్ జట్టు స్వర్ణం వచ్చింది. 1982 తర్వాత గుర్రపు స్వారీలో మనకి అదే మొదటి బంగారం. ఆ నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఆడపిల్లలే. ఒలింపిక్స్‌లోనూ స్త్రీ పురుషులు ఒకే పోటీలో తలపడే అరుదైన ఆట ఇది.

ఇక నా వృత్తి సలహా. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. ముందు రెండు మూడు పాఠాలకే డబ్బిచ్చి చూడండి, రసీదు తీసుకోండి. నేర్పే చోటికి చెప్పకుండా ఒక ఉదయం వెళ్ళండి. గుర్రాల డొక్కలు కనిపిస్తున్నాయా, జీను కింద పుళ్ళున్నాయా, నీళ్ళతొట్టి శుభ్రంగా ఉందా చూడండి. గుర్రాన్ని సరిగ్గా చూసుకోనివాళ్ళు మీ పిల్లని చూసుకుంటారా? పిల్ల సైజుకి తగిన పోనీ ఉందా, తలకి సరిపోయే టోపీ ఇస్తారా, దెబ్బ తగిలితే దగ్గర్లో ఆస్పత్రి ఏది అని అడగండి. చిన్న మడమ ఉన్న బూట్లు వెయ్యండి. చదును చెప్పులైతే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది. టెటనస్ సూది వేయించండి. మన ఎండలకి తెల్లవారు పాఠాలే మేలు.

అలాగని సరదా పుట్టింది కదా అని గుర్రం కొనకండి! గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నారు మనవాళ్ళు. మనం ఊరెళ్ళినా అది మేస్తూనే ఉంటుంది. స్వారీ నేర్చుకోవడం ఒక ఖర్చు, గుర్రాన్ని పెట్టుకోవడం ఒక సంసారం.

పెద్దలు కూడా నేర్చుకోవచ్చు. తల్లీ కూతురూ కలిసి నేర్చుకుంటే మరీ మంచిది. నడుం నొప్పి, కీళ్ళ బాధ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగాకే ఎక్కండి. పాఠం అయ్యాక వెంటనే కారెక్కి వచ్చెయ్యకుండా గుర్రాన్ని కాసేపు నడిపించి, చెమట ఆరనిచ్చి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయించే పని పిల్లల చేతే చేయించండి. మోసిన ప్రాణికి ముందు సేవ, తర్వాతే మన ఇడ్లీ కాఫీ. పిల్లలు అది నేర్చుకుంటే మీరు కట్టిన ఫీజు గిట్టుబాటైనట్టే.