మొత్తం తేడా వస్తే ముందు ఎస్క్యూఎల్ చూడండి

ప్రోగ్రాము ఎర్రర్ ఇచ్చి ఆగిపోతే నాకు పెద్ద బెంగ ఉండదు. కిక్కురుమనకుండా తప్పు లెక్క చూపిస్తేనే భయం. పెర్ల్‌లో డీబీఐఎక్స్ క్లాస్ వాడేవాళ్ళని ఈ రెండో రకం పట్టుకునేది ముఖ్యంగా గ్రూప్ బై దగ్గరే అని నా అభిప్రాయం.

ఇక్కడ బర్ దుబాయ్‌లో అందరికీ తెలిసిన లెక్కే తీసుకుందాం. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయనకి నెలకి 1,000 దిర్హాముల చొప్పున మూడు నెలల జీతం వచ్చింది. మీనా బజార్‌కి వెళ్ళి రెండుసార్లు, 1,200 చొప్పున, ఇంటికి పంపాడు. అంటే జీతం 3,000, పంపింది 2,400. జీతాలదో టేబులు, పంపిన డబ్బుదో టేబులు. రెంటినీ ఒకే జాయిన్‌లో పెట్టి, మనిషి నంబరు మీద గ్రూప్ చేసి, సమ్ అడిగారనుకోండి. మూడు వరుసలూ రెండు వరుసలూ గుణించుకుని ఆరవుతాయి. జీతం 6,000, పంపింది 7,200! సంపాదించినదానికన్నా ఎక్కువ పంపాడన్నమాట.

దీనికి చాలామంది చేసే వైద్యం సమ్ లోపల డిస్టింక్ట్ తగిలించడం. అది ఇంకా అన్యాయం. మూడు వేలూ ఒకటేననుకుని జీతం 1,000 అని తేలుస్తుంది. ఏ టేబులుకి ఆ టేబులు విడిగా సబ్‌క్వెరీలో కూడి, ఆ తర్వాత కలపడమే సరైన దారి.

పెర్ల్ కోడ్ ఎంతసేపు చూసినా ఇది కనపడదు. డీబీఐసీ ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి నడపండి, అసలు ఎస్క్యూఎల్ బయటపడుతుంది. ఇంకో తికమక ఉంది. సెలెక్ట్ పక్కన రాసే 'యాజ్' పెర్ల్ వైపు పేరు మాత్రమే, డేటాబేసుకి అది తెలియదు. హ్యావింగ్‌లో ఆ పేరు వాడాలంటే సెలెక్ట్ లోపలే ముందు గీతతో '-యాజ్' రాయాలి.

మైఎస్క్యూఎల్ సంగతీ చెప్పాలి. గ్రూపులో ఏ విలువ తీసుకోవాలో తేలని కాలమ్ అడిగితే, పాత వెర్షన్లు మామూలుగా ఏదో ఒక వరుస నుంచి తెచ్చి ఇచ్చేసేవి. 2015లో వచ్చిన 5.7 నుంచి 'ఓన్లీ ఫుల్ గ్రూప్ బై' డిఫాల్టు అయింది, ఇవ్వనని మొరాయిస్తుంది. పాత కోడ్ ఆగిపోగానే ఆ నిబంధనని తీసిపారెయ్యమనే సలహాలు బోలెడు. నాకది నచ్చదు. మొరాయించే డేటాబేసే మన మేలు కోరేది.

ఓఆర్ఎం వద్దని కాదు నా గోల. ఒక వరుస తెచ్చి, దిద్ది, దాచడానికి దాన్ని మించిన హాయి లేదు. కానీ కూడికల దగ్గర, తెలిసిన ఒక్క మనిషి లెక్క చేత్తో వేసి సరిచూడందే రిపోర్టు బయటికి వదలకూడదు. ఆ అంకె చూసే ఎవరో ఒకరి బాకీ తేలుస్తారు కదా! ఏమంటారు?