మన మాట: మూడవసారి

పరీక్షా ఫలితాలు వచ్చే రోజులివి. కొన్ని ఇండ్లలో మిఠాయి పంచుతారు. కొన్ని ఇండ్లలో పిల్లవాడు భోజనానికి రాక మూల గదిలో కూర్చుంటాడు. ఆ రెండవ యింటివారితో ఈ నెల మేము నాలుగు మాటలు చెప్పదలచాము.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడవసారి మన చెన్నపట్నంలోనే, హిందూ హైస్కూలులో చదివి గట్టెక్కారు. వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు; ఎం.బి.బి.ఎస్. చేజారి, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకొన్నారు. బోస్టను చేరి, రాత్రివేళ ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకొన్నారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేగారితో కలిసి లోకానికిచ్చారు. తరువాత ఆయన నడిపిన పరిశోధనశాల నుండే 1948లో ఆరియోమైసిన్ మందు వెలువడింది.

"నేను గొప్పవాడను" అని తలచుకొంటూ కూర్చోవడం ఆత్మవిశ్వాసం కాదు. తప్పిన మరునాడు పుస్తకం మళ్ళీ తెరవడమే ఆత్మవిశ్వాసం. అయితే దానిని తెరిచే ధైర్యం పిల్లవానికి ఇంటి నుండే రావాలి గదా! "నీవల్ల కాదు" అన్న మాట ఒకప్పుడు మా నోటి నుండీ వచ్చింది. ఆ పిల్లవాడు ఎన్నో నాళ్ళు మా ముఖంలోకి సూటిగా చూడలేదు.

ఇంట తెలుగు, బడిలో అరవం, పరీక్షలో ఇంగ్లీషు: మన పిల్లల ఈ శ్రమ మార్కులలో కనబడదు. పక్కింటివానితో పోల్చకండి. ముందు అన్నం పెట్టండి. రేపు పక్కన కూర్చుని, ఏ లెక్క ఎక్కడ తప్పిందో కలిసి చూడండి.