గాలి వాలు తెలిసీ చెప్పలేదు

జపాన్‌లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం చుట్టూ ఇరవై కిలోమీటర్ల లోపు వాళ్లంతా ఖాళీ చేయాలని 2011 మార్చి 12న ఉత్తర్వు వచ్చింది. దగ్గర్లోని నమియే పట్టణవాసులు వేలమంది వాయవ్య దిక్కున కొండల్లో ఉన్న త్సుషిమాకు చేరి తలదాచుకున్నారు. గండం గడిచిందనుకున్నారు. పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు. 15న రేడియోధార్మిక మేఘం సరిగ్గా అటే మళ్లింది. ఆ సాయంత్రం వాన, మంచు కురిసి గాలిలోని సీజియంను నేలకు దించాయి.

ఎవరికీ తెలియక జరిగింది కాదిది. 1979లో అమెరికాలో జరిగిన త్రీమైల్ ఐలాండ్ అణు ప్రమాదం చూసి, జపాన్ ఇలాంటి రోజు కోసమే ‘స్పీడీ’ అనే కంప్యూటర్ వ్యవస్థను కట్టుకుంది. గాలి దిశ, వేగం, వాన, కొండల ఎత్తుపల్లాలు లెక్కలోకి తీసుకుని, కాలుష్యం ఎటు పోతుందో అది పటం గీస్తుంది. ఆ రోజు ఒక్కటే లోపించింది. కరెంటు పోవడంతో రియాక్టర్ నుంచి ఎంత బయటికి వస్తోందో తెలియలేదు. గంటకు ఒక బెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలమానం) అనుకుని లెక్క నడిపారు. అసలు అంకె లేని లెక్క ఎందుకని అధికారులు పటాన్ని పక్కన పెట్టారు. జనానికి స్పీడీ పటం మొదటిసారి అందింది 23న. అమెరికా సైన్యానికి మాత్రం 14నే అందింది!

కళ్లంలో తూర్పారబట్టే రైతును అడగండి. పొట్టు ఎటు పడుతుందో చెప్పడానికి ఆయనకు గింజల తూకం అక్కర్లేదు. స్పీడీకి ‘ఎంత’ తెలియలేదు, ‘ఎటు’ తెలుసు. పారిపోయేవాడికి కావలసింది ఆ రెండోదే. అధికారులు మాత్రం పటం మీద కంపాస్‌తో వృత్తం గీశారు. గాలి వృత్తంలో వీస్తుందా? ముప్పై కిలోమీటర్ల అవతల, ఆ మేఘం దారిలోనే ఉన్న ఇటాటే గ్రామాన్ని ఖాళీ చేయాల్సిన ప్రాంతంగా ప్రకటించడానికి ఏప్రిల్ 22 దాకా పట్టింది.

అంచనా తప్పితే జనాన్ని మేఘంలోకే తోలినట్టవుతుందన్న వాదన కొట్టిపారేయలేం. గాలి గంటల్లో దారి మార్చుకుంటుంది. కదిలించడం వల్లే ప్రాణాలు పోయిన వృద్ధ రోగులూ ఉన్నారు. అందుకే కాబోలు, ఇకపై ఖాళీ చేయించే నిర్ణయాలకు స్పీడీని వాడబోమని, పరికరాల కొలతలనే నమ్ముతామని జపాన్ అణు నియంత్రణ సంస్థ 2014లో తేల్చేసింది. నాకు మింగుడుపడనిది ఇదే. పరికరం ముల్లు కదిలిందంటే మేఘం వచ్చేసిందనే కదా! తుపాను తీరం దాటే చోటు అటూ ఇటూ కావచ్చని చెబుతూనే మన దగ్గర ముందే హెచ్చరిస్తారు. తప్పొప్పులతో సహా పటాన్ని జనం చేతిలో పెడితే పోయేదేముంది?

ఆ రోజు నేలకు దిగిన సీజియం-137 సగానికి తగ్గడానికే ముప్పై ఏళ్లు పడుతుంది. త్సుషిమాలో కొద్ది భాగానికి ఆంక్షలు ఎత్తేసింది 2023 మార్చి 31న.