కిలోమీటర్ టార్చి మనకెందుకు?



బహదూర్‌పల్లిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మేము కొంతమందిమి చలికాలం సెలవుల్లో క్యాంపింగ్ పోదామనుకుంటున్నాం. మా ముందున్న రోడ్డే నర్సాపూర్ అడవి వైపు పోతుంది. అనుమతి తీసుకునే పోతాం. తలా కొంత వేసుకుని లాంగ్ రేంజ్ టార్చిలైటు కొందామనే మాట వచ్చింది. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నిటి మీదా "1 కిలోమీటర్", "2 కిలోమీటర్లు" అనే ఉంది. మేమైతే అంటున్నది ఒకటే: నడిచేవాళ్ళకు ముందు కావాల్సింది కిలోమీటర్ లైటు కాదు. ఇది క్యాంపు కోసమే చెప్తున్న మాట కూడా కాదు. సంక్రాంతికి ఇంటికి పోతూ నాయనకో అమ్మకో టార్చి కొనుక్కుపోయేటోళ్ళం మనలో చాలామందిమి ఉన్నం.

ముందు లెక్క చూద్దాం. ల్యూమెన్స్ అంటే టార్చిలోంచి వచ్చే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతదో చెప్పేది క్యాండెలా. క్యాండెలా వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలా ఉంటే 200 మీటర్లు. అదే 400 మీటర్లు కావాలంటే 20,000 చాలదు, 40,000 ఉండాలి. ఇంకో సంగతి, ఆ చివరి మీటర్ దగ్గర పడే వెలుగు 0.25 లక్స్, అంటే నిండు పున్నమి వెన్నెలంత. అక్కడ నిలబడ్డది మనిషో మొద్దో గుర్తుపట్టడం కష్టం. డబ్బా మీద రాసిన దూరంలో సగమే మనకు పనికొస్తుందనుకోండి.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువమంది పల్లెలోళ్ళే, ఎక్కువ కాట్లు కాళ్ళకే. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడి ఉంటది. కట్లపాము రాత్రి తిరుగుతది, నేల మీద పడుకున్నోళ్ళను కాటేస్తది. లాంగ్ రేంజ్ టార్చి దూరాన చిన్న గుండ్రం మాత్రమే వెలిగిస్తుంది, కాళ్ళ దగ్గర చీకటే. పొద్దుగాల మంచులోనైతే ఆ వెలుగు తిరిగి మన కళ్ళల్లోనే పడుతుంది.

మన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆ శిఖరానికి రాత్రిపూటే బయల్దేరుతారు, వాడేది తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్. అంత పెద్ద కొండకే అది సరిపోతే నర్సాపూర్‌కు సరిపోదా? (నాగోబా జాతరకు గోదావరి నీళ్ళ కోసం మెస్రం వాళ్ళు రోజుల తరబడి నడుస్తారు. దాన్ని ఎవరూ ట్రెక్కింగ్ అనలేదనుకోండి, అది వేరే ముచ్చట.)

లాంగ్ రేంజ్ అసలే వద్దని కాదు. మంచె మీద కూర్చుని అడవి పందుల నుంచి చేను కాచేటోళ్ళకు అదే కావాలి. తప్పిపోయినోళ్ళను వెతకడానికీ కావాలి. అందుకని గుంపు మొత్తానికి ఒకటి చాలు, మిగతా పైసలతో తలా ఒక వెడల్పు లైటు తీసుకుందాం. సెల్ బయటికి తీసి మార్చుకునేట్టు ఉండాలి. 18650 సెల్ మంచిదైతే 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతుంది. 9,900 అని రాసి ఉంటే అది అబద్ధమే, కొనకండి.

మీ ఇండ్లల్లో ఏ టార్చి వాడుతున్నారు, ఎన్నేళ్ళు వచ్చింది, కింద రాయండి. వచ్చే ఆదివారం పైసలు జమ చేస్తున్నాం.