డ్రైవర్ల కొరతా, కూలి లెక్కలో లోపమా?

లారీలున్నాయి, లోడ్లున్నాయి, నడిపేవాళ్లే దొరకడం లేదని అమెరికా సరుకు రవాణా కంపెనీలు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నాయి. వాటి సంఘమైన అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ 2021లో ఈ కొరతను 80 వేల మందిగా అంచనా కట్టింది. అదే సంఘం ప్రకటించే మరో లెక్క మాత్రం వేరే కథ చెబుతుంది. ఫుల్ లోడ్లు దూరప్రాంతాలకు మోసే పెద్ద కంపెనీల్లో ఏటా ఉద్యోగం వదిలే డ్రైవర్ల శాతం చాలాకాలం 90కి అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. అంటే నూరు లారీలు నడవాలంటే ఏడాదిలో దాదాపు తొంభై సార్లు కొత్తవాళ్లను తీసుకోవాలి. రకరకాల సరుకులను ఒకే బండిలో కలిపి టెర్మినళ్ల మధ్య చేరవేసే కంపెనీల్లో ఇది అందులో చిన్న వంతే. రోడ్లు అవే, లైసెన్సూ అదే. మనుషులే కరువైతే ఆ కరువు రెండుచోట్లా కనిపించాలి కదా? పెద్ద కంపెనీలు కొరత అంటున్నది నిజానికి నిలుపుకోలేకపోవడం. దానికి మూలం, తిరిగిన మైళ్లకే కూలి కట్టి, పోయిన గంటలను లెక్కలోంచి తీసేసే పద్ధతి.

ఆ పద్ధతి ఒక రోజులో ఎలా పనిచేస్తుందో చూడాలి. అమెరికా నిబంధనల ప్రకారం డ్యూటీ ఎక్కిన డ్రైవరు 14 గంటల్లోపే ఆ రోజు డ్రైవింగ్ ముగించాలి. అందులోనూ స్టీరింగ్ పట్టేది 11 గంటలకు మించకూడదు. మైలుకు 55 సెంట్లు ఇచ్చే కంపెనీ అనుకుందాం. ఉదయం ఆరింటికి డ్యూటీ ఎక్కి, గంటకు సగటున 55 మైళ్ల చొప్పున 11 గంటలూ నడిపితే 605 మైళ్లు, సుమారు 333 డాలర్లు. అదే డ్రైవరు గిడ్డంగి ముందు తన వంతు కోసం, ఆపైన సరుకు దించడం కోసం పదకొండు దాకా ఆగాడనుకోండి. డ్యూటీలో ఉన్నంతసేపూ గడియారం ఆగదు. మిగిలిన తొమ్మిది గంటల్లో తప్పనిసరి విరామం, డీజిల్, పార్కింగ్ వెతుకులాట పోగా ఎనిమిది గంటలు నడిపితే 440 మైళ్లు, 242 డాలర్లు. పద్నాలుగు గంటల రోజుకు గంటకు పదిహేడు డాలర్ల చిల్లర. ఆ రాత్రి పడక ఇంట్లో కాదు, క్యాబిన్‌లో. రెండు మూడు వారాలకోసారి ఇంటి ముఖం చూసే మనిషికి ఆ నిద్ర కూడా ఉద్యోగంలో భాగమే, కాకపోతే దానికి రేటు లేదు.

ఇది రోడ్డు తెచ్చిపెట్టిన కష్టం కాదు, చట్టం తెరిచి ఉంచిన దారి. వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలన్న 1938 నాటి కార్మిక చట్టం అంతర్రాష్ట్ర లారీ డ్రైవర్లను మినహాయించింది. 1980లో కార్టర్ ప్రభుత్వం రవాణా రంగంపై నియంత్రణలు సడలించాక కొత్త కంపెనీలు పుట్టుకొచ్చి కిరాయిలు తగ్గాయి. ఆ తగ్గింపు బరువు చాలావరకు డ్రైవర్ల కూలి మీదే పడింది. 2017 డిసెంబరు నుంచి తప్పనిసరైన ఎలక్ట్రానిక్ లాగ్ నడిపిన ప్రతి నిమిషాన్నీ నమోదు చేస్తోంది. కానీ గిడ్డంగి డాక్ దగ్గర వృథా అయిన నిమిషాలకు ఎవరు బాధ్యులో, ఎవరు డబ్బు కట్టాలో అడగదు. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ నిరీక్షణ వల్ల డ్రైవర్లు ఏటా 110 నుంచి 130 కోట్ల డాలర్లు నష్టపోతున్నారు. సరుకు ఎక్కించి దించే చోట సగటున మరో 15 నిమిషాలు ఆలస్యమైతే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందనీ అది అంచనా వేసింది. పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలని తొందరపడే డ్రైవరు పక్కన వెళ్లే కార్లకూ ప్రమాదమే.

బలవంతమేమీ లేదు కదా, కొన్ని వారాల శిక్షణతో డిగ్రీ అక్కర్లేని ఉద్యోగం దొరుకుతోంది కదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది. ఎందరో ఇక్కడే పని నేర్చి మంచి చోట్లకు వెళ్లారు. అయితే కంపెనీ ఖర్చుతో శిక్షణ పొందినవాడు ఒప్పుకున్న గడువుకు ముందే మానేస్తే ఆ ఖర్చు అతని అప్పుగా మారే ఒప్పందాలు ఈ రంగంలో మామూలే. నెలనెలా కిస్తీ కడితే లారీ నీదేనన్న లీజు పథకాలు మరో మెట్టు. కిస్తీ, డీజిల్, రిపేర్లు కోసుకున్నాక చేతికి సున్నా వచ్చే వారాలుంటాయి. న్యూ ప్రైమ్ అనే పెద్ద కంపెనీ మీద ఒక డ్రైవరు వేసిన దావాలో ఆరోపణ దాదాపు ఇదే. అలాంటి ‘స్వతంత్ర కాంట్రాక్టరు’ను బలవంతపు మధ్యవర్తిత్వానికి నెట్టడం కుదరదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఈ లీజు పథకాలను నిషేధించాలని ప్రభుత్వ కార్యదళమే 2025 జనవరిలో సిఫారసు చేసింది.

లాభం అంతంత మాత్రమే, కూలి పెంచితే సరుకుల ధరలు పెరుగుతాయన్నది రెండో అభ్యంతరం. మార్జిన్లు తక్కువన్నది వాస్తవమే. కానీ వెళ్లిపోయేవాళ్లూ ఊరికే పోరు. నియామకం, శిక్షణ, ప్రమాదం, బీమా రూపంలో ఖర్చు మిగిల్చి పోతారు. జె.బి.హంట్ కంపెనీ 1997లో డ్రైవర్ల రేటును సుమారు మూడో వంతు పెంచినప్పుడు వలసలూ ప్రమాదాలూ బాగా తగ్గాయని పరిశోధకులు నమోదు చేశారు. తన సొంత లారీల డ్రైవర్లకు మొదటి ఏడాదే 1,10,000 డాలర్ల దాకా ఇస్తామని వాల్‌మార్ట్ 2022లో ప్రకటించింది. అమెరికా కార్మిక గణాంక సంస్థ పత్రికలో 2019లో వచ్చిన అధ్యయనం కూడా, జీతాలు పెరిగితే ఈ రంగంలోకి మనుషులు వస్తారనీ, దీర్ఘకాలిక కొరతన్నది లేదనీ తేల్చింది. ఇక గంటల లెక్కన ఇస్తే సోమరితనం పెరుగుతుందనే వాదన జీపీఎస్ కాలంలో నిలవదు. పైగా డాక్ దగ్గరి ఆలస్యం డ్రైవరు చేతిలో లేదు. చేతిలో లేనిదానికి కూలి కోసేస్తే అతను చురుగ్గా మారడు, మానేస్తాడు.

ఈ చర్చ మనకూ అవసరమే. దేశంలో 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెబుతున్నారు. అందుకు విరుగుడుగా శిక్షణ కేంద్రాలు పెడుతున్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. రెండూ మంచి పనులే. కానీ ట్రిప్పుకింతని జీతం, రోజుకింతని బత్తా ఇచ్చే చోట, ఫ్యాక్టరీ గేటు ముందో మిల్లు దగ్గరో రోజంతా హాల్టింగ్ పడితే ఆ నష్టం డ్రైవరుదే. హాల్టింగ్ ఛార్జీ వసూలైనా అది ముందు చేరేది ఓనరుకు, డ్రైవరుకు ఎంతన్నది ఓనరు దయ. రోజుకు 8 గంటలే పని అన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం హైవే మీద ఎక్కడా కనిపించలేదు. ఇలాగే ఉంచి శిక్షణ కేంద్రాలు పెంచితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఆలస్యం చేసిన సంస్థే నిర్ణీత గడువు తర్వాత గంటకింతని హాల్టింగ్ ఛార్జీ కట్టాలి, అందులో డ్రైవరు వాటా రసీదు మీదే రాసి ఉండాలి. ఒక్క కంపెనీ ఇలా చేస్తే కిరాయి పోటీలో వెనకబడుతుంది కాబట్టి ఇది అందరికీ వర్తించే నిబంధనగా రావాలి. అప్పుడు లోడు త్వరగా దించాలన్న తొందర దించగలిగినవాళ్లకే పుడుతుంది. అంతవరకూ కొరత ఎన్ని లక్షలని లెక్కపెట్టేవాళ్లు, లైసెన్సు ఉండీ ఈ పని మానేసినవాళ్లు ఎందరో కూడా లెక్కపెట్టి చెప్పాలి.