తేనెటీగకి త్రికోణం లేదు

తేనెటీగలు పోతే మనిషి నాలుగేళ్ళకి మించి బతకడని ఐన్‌స్టీన్ అన్నట్టు ఓ ఫార్వర్డు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. ఆయన అలా అన్నాడనడానికి ఆధారమేమీ లేదు. పైగా దానికి మా గోదావరి జిల్లాలవాళ్ళు భయపడరు కూడా. ఎందుకంటే వరికి తేనెటీగతో పనిలేదు. ఈగలన్నీ పోయినా కంచంలో అన్నం ఉంటుంది.

పోయేవి అన్నం పక్కనుండేవి. గుమ్మడి, దోస, కాకర పాదులకి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ వాలకపోతే పిందె నిలవదు. కోనసీమ కొబ్బరే చూడండి. పొడుగు రకం చెట్లలో గెలలోని మగపూలు రాలిపోయాకే ఆడపూలు సిద్ధమౌతాయి. అంటే పుప్పొడి పక్కచెట్టు నుంచి రావాలి. కొంత గాలి తెస్తుంది, కొంత తేనెటీగ తెస్తుంది, అదీ కూలి అడక్కుండా!

ఇప్పుడు పురుగుమందు డబ్బా మీద త్రికోణం సంగతి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ... ఇవి మనిషికి ఎంత ప్రమాదమో చెప్పే రంగులు. తేనెటీగకి ఏమౌతుందో ఆ రంగు చెప్పదు. దోమ కోసం వరి మీద కొట్టే ఇమిడాక్లోప్రిడ్ కొన్ని నానోగ్రాములు కడుపులోకి వెళ్తే చాలు, ఈగ చస్తుంది. గ్రాముకి వందకోట్ల నానోగ్రాములు, లెక్క మీరే వేసుకోండి. అంతకంటే తక్కువైతే గూటికి దారి మర్చిపోతుంది. యూరప్ 2013లో దీన్నీ, దీని చుట్టాలు రెండింటినీ కట్టడి చేసి, 2018లో ఆరుబయట వాడకమే నిషేధించింది. మన దగ్గర మాత్రం కొట్టులో అడిగినవాడికి అడిగినంత. మేం కోడులో ఒకచోట మార్చి, ఇంకోచోట ఏం విరిగిందో చూడకుండా రిలీజ్ చేస్తే మేనేజరు ఊరుకుంటాడా?

"పురుగుమందు ఒక్కటే కారణమా?" అంటారు. కాదు. 1991-92లో దక్షిణాదిన పుట్టతేనెటీగల్ని వైరస్ ఊడ్చేసింది. ఏటా రెండు పంటలూ వరే అయితే ఈగకి పువ్వు దొరకదు, అదీ నిజమే. కానీ వైరస్ మన చేతిలో లేదు. స్ప్రేయరు ఉంది.

"మందు కొట్టకపోతే రైతెలా బతుకుతాడు?" అన్నది రెండో ప్రశ్న. సరే, కోనసీమలోనే జవాబుంది. కొబ్బరిని పీడించే సర్పిలాకార తెల్లదోమ 2016లో దేశంలో కనబడి, కడియం నర్సరీలకీ, కొబ్బరితోటలకీ పాకింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్ళు ఏం చెప్పారు? రసాయనాలు వద్దన్నారు. తెల్లదోమని తినే ఎన్‌కార్సియా అనే బుల్లి పరాన్నజీవిని కాపాడుకోమన్నారు, దోమకి రోగం తెప్పించే బూజు మందు ఇచ్చారు. మందు కొడితే ముందు చచ్చేది మన పక్షాన పోరాడే పురుగే.

నేను రైతుని తిట్టడం లేదు. కౌలుకి చేసేవాడికి మందులకొట్టువాడే డాక్టరు, వాడే అప్పిచ్చే షావుకారు. వాడు ఏ డబ్బా చేతిలో పెడితే అదే వైద్యం. తిట్టాల్సింది ఆ ఏర్పాటుని నడవనిచ్చేవాళ్ళని. 2020 మే నెలలో కేంద్రం తేనెటీగల పెంపకానికి 500 కోట్లు ప్రకటించింది. అదే నెలలో 27 పురుగుమందుల నిషేధానికి ముసాయిదా కూడా తెచ్చింది. 2023కి వచ్చేసరికి ఆ జాబితాలో నిషేధం దాకా వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక చేత్తో పెట్టె ఇచ్చి, ఇంకో చేత్తో పెట్టెలో ఉండేదాన్ని చంపడమన్నమాట!

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. డబ్బా మీద తేనెటీగ బొమ్మతో హెచ్చరిక, తెలుగులో, కళ్ళకి కనబడేంత అక్షరాల్లో. పూతమీదున్న పంటకి పొద్దున్నే కాకుండా, ఈగలు గూటికి చేరాక సాయంత్రమే కొట్టాలన్న సలహా. సలహా చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే కాకుండా ఉండటం. ఇందులో ఏది అసాధ్యమో, ఎవరైనా చెప్పండి.